సీసా మీద పేరు

అనకాపల్లి,
సెప్టెంబరు 4.

చిరంజీవి సుప్రియకు,

అక్క ఆఖరి రోజు ఎలా గడిచిందని పెద్దకర్మ నాడు అడిగావు. అంతమంది మధ్య చెప్పలేకపోయాను. ఫోన్లో చెప్పడం నాకు చేతకాదు. రాస్తున్నాను.

ఆగస్టు 19, మంగళవారం. అక్క ఆరింటికి లేచింది. బుజ్జికి పాలిచ్చింది. మిషన్‌తో రెండు సీసాల పాలు తీసి, వాటి మీద తెల్ల కాగితం అంటించి తన పేరు, పిల్ల పేరు, తేదీ, టైము రాసింది. చిన్నమ్మలు గారి దగ్గర అది రూలు. గవరపాలెంలో ఆవిడ ఇంట్లో పగటిపూట ఏడుగురు పసిపిల్లలుంటారు. తల్లి పేరు లేని సీసా ఆవిడ ఫ్రిజ్‌లోకి వెళ్లదు.

ఉప్మాలో ఉప్పు ఎక్కువైందని అన్నాను. "అయితే రేపట్నుంచి మీరే చేసుకోండి" అంది. ఎనిమిదిన్నరకి బండి మీద ఇద్దరినీ తీసుకెళ్లాను. బుజ్జిని చిన్నమ్మలు గారి దగ్గర, తనని ఆఫీసు దగ్గర దింపి కాలేజీకి పోయాను.

రోజూలాగే ఒంటిగంటకి ఆఫీసు నుంచి నడిచి వెళ్లి బుజ్జికి పాలిచ్చింది. ఐదు నిమిషాల నడక. ఒంటిగంటా పదికి నేను ఫోన్ చేశాను. ఎత్తలేదు. రెండున్నరకి తలనొప్పిగా ఉందని పక్క సీటావిడతో అంది. మూడింటికి రికార్డు గదిలో తలుపేసుకుని మర్నాటికి పాలు తీసింది. బయటికొచ్చి కుర్చీలో కూర్చుని, పక్కకి ఒరిగిపోయింది. మెదడులో రక్తనాళం చిట్లిందన్నారు. విశాఖ తీసుకెళ్లే దారిలో స్పృహ లేదు. సాయంత్రం ఆరూ నలభైకి పోయింది.

ఇంతే. ఎవరి తప్పూ లేదని డాక్టరు అన్నారు.

ఒకటి మాత్రం నీకు రాయాలి. ఆమె ఆఖరి పావుగంట బుజ్జికి దక్కింది. పక్కన కూర్చుని చూడడం చిన్నమ్మలు గారికి దక్కింది. నాకు ఉప్మా మాట దక్కింది.

బుజ్జికి ఏడు నెలలు. తక్కువ నెలల పిల్ల కాబట్టి ఏడాది నిండేదాకా తల్లిపాలు ఉండాలని డాక్టరు మాట. డబ్బాపాలు పట్టి చూశాను. ఒళ్లంతా దద్దుర్లు, విరేచనాలు. అక్క ఫ్రీజర్‌లో దాచిన సీసాలు నిన్నటితో అయిపోయాయి. ఏం చేయాలో ఆలోచిస్తున్నాను.

మీ బావ,
త్రినాథ్


రోలుగుంట,
సెప్టెంబరు 7.

బావగారికి,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మూడోసారి మీ తమ్ముడు రాజబాబు చేత చదివించుకున్నాను. తమ్ముడంటున్నానేమిటి, తోడల్లుడు కదా. నా బుర్ర అలా ఉంది.

ఆలోచించడానికేముంది బావగారూ? మా తారక్‌కి పదకొండో నెల. ఇంకా తాగుతున్నాడు. నాకు పాలున్నాయి. మొన్న పెద్దకర్మ నాడే బుజ్జి ఏడుస్తుంటే నా జాకెట్టు తడిసిపోయింది. అందరూ ఉన్నారని చెంగు కప్పుకుని కూర్చున్నాను. ఆ రోజే అడగాల్సింది.

బుజ్జిని కొన్నాళ్లు నా దగ్గర ఉంచండి. వాడో పక్క, ఇది ఓ పక్క. డ్యూటీకి అంగన్‌వాడీ సెంటర్‌కి ఎలాగూ వాడిని తీసుకెళ్తాను, దీన్నీ తీసుకెళ్తాను. ఉంచడానికి మనసొప్పకపోతే పాలు పంపుతాను. ఏఎన్ఎం గారు వాడేసి మూల పడేసిన టీకాల డబ్బా నా దగ్గరుంది, నీలం రంగుది. లోపల ఐసు ప్యాకులు పెడితే పొద్దున్న బస్సు అనకాపల్లి చేరేదాకా చల్లదనం పోదు. కండక్టర్ పోతన్నని అడిగాను. "పాపాయి కేరేజీ నా సీటు కింద ఎట్టుకుంటానమ్మా. నా అన్నం కేరేజీ పోయినా పోద్ది గానీ అది పోదు" అన్నాడు.

రాజబాబుని కూడా అడిగాను. "అడగాల్సిన పనేటే? పంపు" అన్నాడు.

చీటీ కూడా డబ్బాలోనే పెడతాను. ఫోనైతే నేను ఏడుస్తాను, మీరు ఊరుకుంటారు. ఎవరికీ ఏమీ తెలియదు.

సుప్రియ


అనకాపల్లి,
సెప్టెంబరు 10.

సుప్రియకు,

డబ్బా అందింది. థర్మామీటరు పెట్టి చూశాను. ఆరు డిగ్రీలు. మూడు సీసాలూ బాగున్నాయి. బుజ్జి మొదటిది పూర్తిగా తాగింది.

పిల్లని పంపలేను. రోజూ సాయంత్రం ఇంట్లో అది లేకపోతే నేను ఉండలేను. పాలు సీసాలోనే పంపు. రాజబాబుకి నా మాటగా చెప్పు. ఇలాంటి సాయానికి ఏం రాయాలో నాకు తెలియదు.

త్రినాథ్


అనకాపల్లి,
సెప్టెంబరు 27.

సుప్రియకు,

నిన్న తూకం వేయించాను. ఆరు కిలోల ఆరు వందలు. ఈ నెల మొదట్లో ఆరూ వంద. దద్దుర్లు పూర్తిగా తగ్గాయి.

నిన్న సాయంత్రం తీసుకురావడానికి వెళ్తే బుజ్జి చిన్నమ్మలు గారి భుజం దిగలేదు. చేతులు చాపాను. మొహం తిప్పుకుంది. ఆవిడ నవ్వింది.

"అదిగో మీ నాన్నొచ్చేడు, ఎల్లమ్మా! ఆరింటికి తలుపేసుకుంటాను, నాకాడ ఉండిపోతావేటి?"

తర్వాత నాతో, "మీరు నవ్వరు బాబూ. పిల్ల మాత్రం ఏటి సేత్తాది" అంది.

ఆవిడ మంచి మనిషి. ఆ మాట నాకు నచ్చలేదు. రోజుకి తొమ్మిది గంటలు పిల్ల ఆవిడ చేతిలో ఉంటుంది. సీసా పట్టేది ఆవిడ. నిద్రపుచ్చేది ఆవిడ. కొత్త పన్ను ముందు ఆవిడకే కనబడింది. సాయంత్రం నాకు మిగిలేది నిద్రకి ఏడ్చే పిల్ల.

ఇలాంటివి రాయడం సిగ్గుగా ఉంది. రాసేశాను కాబట్టి పంపుతున్నాను.

త్రినాథ్


రోలుగుంట,
అక్టోబరు 8.

బావగారికి,

ఖాళీ సీసాలు మీరు ఎప్పుడూ కడిగి, కాగితాలు ఊడదీసి పంపుతారు. మొన్న ఒకటి మరిచిపోయారు. దాని మీద మీ అక్షరాలున్నాయి. "సూర్యకళ. బుజ్జి. అక్టోబరు 6."

అక్టోబరు ఆరున అక్క ఎక్కడుంది బావగారూ?

నేను ప్రతి సీసా మీదా నా పేరు రాసే పంపుతున్నాను. చిన్నమ్మలు గారి రూలు మీరే కదా చెప్పారు. నా కాగితం పీకేశారో లేదో చూద్దామని గోటితో గీకాను. పీకలేదు. అక్క కింద నేనున్నాను.

నవ్వొచ్చింది ముందు. తర్వాత రాలేదు. చిన్నప్పుడు అక్క చదివేసిన పుస్తకాలన్నీ నాకే వచ్చేవి. అట్ట మీద దాని పేరు కొట్టేసి నా పేరు రాసుకునేదాన్ని. టీచర్లు మాత్రం "సూర్యకళ చెల్లెలివా?" అనేవారు. నా పేరు అడిగేవారు కాదు. అది డిగ్రీ చదివింది, నాకు ఇంటర్‌తో పెళ్లయింది. అప్పుడు కుళ్లుకున్నాను, ఎందుకు దాచాలి? ఇప్పుడు అది లేదు. లేనిదాని మీద కుళ్లుకుంటే నోరు పడిపోతుంది. కానీ పొద్దున్నే లేచి, తారక్ ఇంకో చేతిని పట్టుకుని లాగుతుంటే, అరగంట మిషన్‌తో కూర్చుని తీసిన పాలు బావగారూ అవి. దాని పేరు అంటించుకోవడానికి కాదు.

ఇంకో సంగతి ఉంది. చెప్పకుండా ఉందామనుకున్నాను. పాలు తగ్గుతున్నాయి. మొదట మూడు సీసాలు పంపేదాన్ని. ఇప్పుడు రెండు, ఒక్కోరోజు ఒకటిన్నర. మీరు గమనించే ఉంటారు. మా సెంటర్‌లో ఉన్న పసిపిల్లల తల్లులు చెరకు తోటల్లో పనికి పోతారు. మధ్యాహ్నం వచ్చి, చేతులు కడుక్కుని, పిల్లకి పాలిచ్చి మళ్లీ పోతారు. రావడానికి బద్ధకించిన వాళ్లకి నేనే చెబుతాను, పిల్ల నోరు తగిలితేనే పాలు నిలుస్తాయి, మిషన్‌ని చూసి ఒళ్లు మోసపోదు అని. ఆ మాటే ఇప్పుడు మీకు చెబుతున్నాను. వారానికి ఒక్క ఆదివారం బుజ్జిని తీసుకురండి. నా దగ్గర తాగనివ్వండి. మిగతా వారమంతా సీసాలు పంపుతాను.

ఏ పేరైనా రాసుకోండి, పోనీ.

సుప్రియ


అనకాపల్లి,
అక్టోబరు 11.

సుప్రియకు,

రాసింది నేనే. మొదటి రోజు నుంచీ.

చిన్నమ్మలు గారికి తెలుసు. మొదటి రోజు ఆ సీసా చూసింది, నన్ను చూసింది, ఫ్రిజ్‌లో పెట్టింది.

రేషన్ కార్డులో ఆమె పేరు తీసేశారు. ఆఫీసులో ఆమె సీటు ఇంకొకరికి ఇచ్చారు. గ్యాస్ కనెక్షన్ నా పేరుకి మార్చమన్నారు. ఆమె పేరు రాసే చోటు నాకు రోజుకి ఈ రెండు సీసాలే మిగిలాయి. ఇది నీకు అన్యాయమని తెలుసు. తెలిసే చేశాను.

ఆదివారం సంగతి కుదరదు. కారణం అడుగుతావు కాబట్టి చెబుతాను. నువ్వు ఆమెలా ఉంటావు. గొంతు కూడా అదే. బుజ్జి నీ ఒళ్లో తాగుతూ నీ మొహంలోకి చూస్తుంది. వారం వారం చూస్తుంది. ఇంకో నెలకి దానికి అమ్మ అంటే నువ్వే. అసలు మనిషిని చూసిన గుర్తు ఏమీ మిగలదు. సీసాకి మొహం ఉండదు. అందుకే సీసా.

ఒకటిన్నరైనా చాలు. గంజి, పప్పునీళ్లు మొదలుపెట్టాను.

త్రినాథ్


రోలుగుంట,
అక్టోబరు 20.

బావా,

తిట్టుకోండి. ముందే చెబుతున్నాను.

పదమూడో తారీఖు సోమవారం మా అంగన్‌వాడీ టీచర్లందరికీ అనకాపల్లిలో మీటింగు. మీకు చెప్పలేదు. భోజనాలకి వదిలారు. అన్నం తినకుండా ఆటో ఎక్కి గవరపాలెం వెళ్లాను. గుమ్మంలో చిన్నమ్మలు గారు నన్ను ఎగాదిగా చూసింది. తర్వాత, "సెల్లెలివి కదూ? సీసాల మీద కింద పేరు నీదేనా?" అంది. ఆవిడా గీకిందన్నమాట.

"బాబుకి తెలుసా నువ్వొచ్చినట్టు?" అంది.

తెలీదన్నాను.

"మరైతే నానూ సూళ్లేదు" అని బుజ్జిని నా చేతికిచ్చి లోపలికి పోయింది.

బుజ్జి నన్ను చూసి నవ్వలేదు. మొహంలోకి చూడనూ లేదు, మీ భయం తీరడానికి చెబుతున్నాను. మెడ దగ్గర ముక్కు పెట్టింది. వెతుక్కుంది. తాగింది. పావుగంట కళ్లు మూసుకునే తాగింది. ఆ రోజు నుంచి నాకు సీసా నిండుతోంది. మీ థర్మామీటరు ఏం చెబుతుందో నాకు తెలీదు గానీ, పద్నాలుగో తారీఖు నుంచి మీకు రెండున్నర సీసాలు వస్తున్నాయి. లెక్చరర్ గారు కదా, కారణం మీరే చెప్పండి.

ఇంకొకటి. వచ్చేటప్పుడు చిన్నమ్మలు గారు అక్క ఆఖరి రోజు సంగతి చెప్పారు. పాలిస్తుండగా మీ ఫోన్ మోగిందట. అక్క చూసి నవ్విందట. "మా ఆయన. ఇప్పుడెత్తితే ఈ దొంగది పాలొదిలేసి ఫోన్‌కేసి సూత్తాది. ఉప్మా గురించే అయ్యుంటాది, సాయంత్రం సెప్పుకుంటాడులే" అందట.

ఇన్నాళ్లూ మీకెందుకు చెప్పలేదని అడిగాను. "అడుగుతాడేమో, సెప్దారనుకున్నాను. ఆ బాబు పిల్లని సంకనేసుకుని ఎల్లిపోతాడు తప్ప, ఆయమ్మ ఊసే ఎత్తడు. నానెలా ఎత్తను?" అన్నారు.

మీరు నమ్మినా నమ్మకపోయినా, అక్క కోపంతో పోలేదు బావా.

సుప్రియ


అనకాపల్లి,
అక్టోబరు 22.

శ్రీమతి సుప్రియ గారికి,

రేపటి నుంచి డబ్బా పంపవద్దు.

వద్దన్న పని నాకు తెలియకుండా చేశారు. నేను రోజూ రెండుసార్లు వెళ్లే ఇంట్లో చేశారు. అదే గది, అదే చాప, అదే ఒంటిగంట. అక్కడ కూర్చోవాలని నాకు రెండు నెలలుగా ఉంది. పాలు లేనివాడికి ఒంటిగంటకి అక్కడ పని లేదు.

ఆమె నా గురించి అన్న ఆఖరి మాట కూడా నాకంటే ముందు మీరే విన్నారు.

చిన్నమ్మలు గారితో మాట్లాడాను. ఇక ఎవరినీ రానివ్వరు.

త్రినాథ్


రోలుగుంట,
అక్టోబరు 25.

బావగారికి,

డబ్బా పంపడం లేదు. ఈ చీటీ పోతన్న జేబులో పంపుతున్నాను. "ఏటమ్మా, పాపాయి కేరేజీ ఆపేసేవు? పిల్లకి బాగానే ఉందా?" అని రోజూ ఆరా తీస్తున్నాడు. బాగానే ఉందన్నాను. ఉందా?

పాలు మాత్రం రోజూ తీస్తున్నాను, ఆగిపోకుండా. తొక్కేచోట పోయకూడదంటారు కాబట్టి జామచెట్టు మొదట్లో పోస్తున్నాను. తీయడం ఆపితే వారం పది రోజుల్లో ఎండిపోతాయి, మళ్లీ రావు. అది మీకు తెలియాలి కాబట్టి రాశాను. ఇంకేం లేదు.

మీరు నన్ను గారు అని రాశారు. అక్క చూస్తే నవ్వేది.

సుప్రియ


అనకాపల్లి,
నవంబరు 8.

సుప్రియమ్మకు,

సెప్టెంబరులో నీకు ఒక అబద్ధం రాశాను. ఫ్రీజర్‌లో పాలు అయిపోయాయని. అయిపోలేదు. ఒక సీసా ఉంచుకున్నాను. ఆఖరి రోజు మూడింటికి రికార్డు గదిలో తీసినది. ఆసుపత్రిలో ఆమె సంచి నా చేతికిచ్చారు. అందులో దొరికింది. ఎనభై మిల్లీలీటర్లు. ఆ రోజు ఇంటికి రాగానే నేను చేసిన మొదటి పని దాన్ని ఫ్రీజర్‌లో పెట్టడం. బుజ్జి అప్పుడు పక్కింటి వాళ్ల దగ్గర ఆకలికి ఏడుస్తోంది.

దద్దుర్లు వచ్చినప్పుడు కూడా అది తీయలేదు. నువ్వు పంపే సీసాలు ఆ సీసా పక్కనే పెట్టేవాడిని. ఒక్కోరోజు పక్కన పెట్టబుద్ధి కాక కింద అరలో పెట్టేవాడిని. నీ పాలు అంటే కోపం కాదు. రోజూ కొత్తవి వస్తున్నాయని. ఆమెవి ఇంక రావని.

మొన్నటి తుఫానుకి రెండు రోజులు కరెంటు పోయింది. ఫ్రీజర్ తలుపుకి టేపు వేసి, పైన దుప్పట్లు కప్పాను. కాలేజీ ల్యాబు నుంచి ఐసు తెద్దామని వానలో వెళ్లాను. అక్కడా కరెంటు లేదు. మూడో రోజు తలుపు తీస్తే అడుగున నీళ్లు. సీసాలో పాలు కరిగిపోయాయి. తర్వాత కరెంటు వచ్చి మళ్లీ గడ్డకట్టాయి. చూడడానికి ముందులాగే ఉంది. ఆమె అక్షరాలు కూడా చెదరలేదు. కానీ ఒకసారి కరిగి మళ్లీ గడ్డకట్టిన పాలు పిల్లకి పట్టకూడదు. ఇది పిల్లలకి పాఠం చెప్పేవాడికి ఎవరూ చెప్పనక్కర్లేదు.

సెప్టెంబరులో పట్టి ఉంటే బుజ్జి ఒక పూట తాగేది. ఆ పాలు ఆమె నా కోసం తీయలేదు.

నిన్న బుజ్జిని తూచారు. ఆరూ రెండు వందలు. సెప్టెంబరు తూకం మీద నాలుగు వందల గ్రాములు తగ్గింది. సోయా పాలు కొంచెం తాగుతోంది, గంజి ఉమ్మేస్తోంది. చేతులు చాపితే ఇప్పుడు నా దగ్గరికి వస్తోంది. ఓపిక లేక వస్తోంది. నేను కోరుకున్నది ఇదే కదా అనిపించింది.

తూకం కాగితం చిన్నమ్మలు గారికి చూపించాను. మొదటిసారి ఆవిడ ఎదురుగా కూర్చుని, ఆ రోజు సూర్యకళ ఏమందని అడిగాను. ఉప్మా సంగతి ఆవిడ చెప్పింది. నువ్వు రాసింది అక్షరం తప్పు లేదు. ఒకటి మాత్రం నీకు చెప్పినట్టు లేదు. ఫోన్ ఆగిపోయాక ఆ తెర మీద ఉన్న నా ఫొటో బుజ్జికి చూపించి, "సూడు, అలిగేడు మీ నాన్న" అందట. కాబట్టి ఒక మాట నాకూ దక్కింది.

తర్వాత నా భయం ఆవిడకి చెప్పాను. పాలిచ్చిన మనిషే తల్లి అనుకుంటుందేమోనని.

"బాబూ, ఇరవై ఏళ్లుగా నా సేతుల మీద ఎంతమంది పెరిగేరో నాకే తెలీదు. ఒక్కడూ నన్ను అమ్మ అనుకోలేదు. రోడ్డు మీద కనపడితే నమత్తే కూడా పెట్టరు, ఎదవలు" అంది. "దాని తల్లి ఎవులో సెప్పడానికి మీరున్నారు. ఆ పని మీది. ఇంకెవులూ సెయ్యలేరు. పాలియ్యడం మీవల్ల అవుద్దా? అవదు కదా. అది సుప్రియమ్మ పని. ఎవుల పని ఆళ్లని సెయ్యనియ్యండి."

తలుపు దగ్గర, ఇకమీద నువ్వు ఎప్పుడు వచ్చినా లోపలికి రానివ్వమని చెప్పాను. "నాకు తెలుసు" అంది.

ఇవాళ ఒంటిగంటకి ఆ సీసా కరిగించాను. నువ్వు రాశావు కదా, తొక్కేచోట పోయకూడదని. మాకు జామచెట్టు లేదు. ఆమె పెంచిన కరివేపాకు మొక్క మొదట్లో పోశాను. బుజ్జి నా భుజం మీద ఉంది. ఇవి అమ్మవి అని చెప్పాను. గట్టిగానే చెప్పాను. పక్కింటావిడ తొంగి చూసింది.

కాగితం తడవకుండా తీసి నా దగ్గర ఉంచుకున్నాను. సీసా కడిగి ఈ చీటీతో పాటు పంపుతున్నాను. దాని మీద ఇప్పుడు ఏ పేరూ లేదు. నీ పేరు నీ చేత్తో రాసి, మిగతా వాటితో పాటు డబ్బాలో పెట్టు. దాని మీద ఇంకేదీ అంటించను.

నీకు పాలు ఇంకా ఉన్నాయో, ఎండిపోయాయో తెలియదు. ఎండిపోతే ఆ తప్పు నాది. రాజబాబు నన్ను గుమ్మంలోనే నిలబెట్టి నాలుగు మాటలన్నా పడతాను.

ఈ చీటీ పోతన్న సాయంత్రం బస్సులో తెస్తాడు. చదివాక ఫోన్ చేయకు. ఏడుస్తావు, నేను ఊరుకుంటాను.

రేపు ఉదయం ఆరున్నర బస్సుకి బుజ్జిని తీసుకుని బయలుదేరుతాను. దాన్ని నీ ఒళ్లో పెట్టి, అది తాగినంతసేపూ మీ వీధి అరుగు మీద కూర్చుంటాను.

బావ,
త్రినాథ్